నీళ్లు లేని పాలు

భట్టిప్రోలు చుట్టుపక్కల ఊళ్లలో పాలకేంద్రంలో టెస్టరుగా కూర్చున్న మొదటి ఆడమనిషి మా అక్క మంగాయమ్మ. ఇది నేను ఒక్కణ్ని చెప్పే మాట కాదు. మా పక్క ఊరివాళ్లు కూడా ఒప్పుకుంటారు, మా ఊరి గొప్ప ఒప్పుకోవడం వాళ్లకు ఎంత కష్టమైనా సరే. నా పేరు చెంచురామయ్య. చదివింది మా ఊరి బళ్లో ఏడో తరగతి వరకే అయినా, పాలసంఘానికి రెండుసార్లు అధ్యక్షుడిగా చేశాను. కేంద్రానికి సిమెంటు అరుగు కట్టించాను, పాలు చల్లబరిచే పెద్ద ట్యాంకు తెప్పించాను, కేంద్రం దాకా తారు రోడ్డు వేయించాను. ఇన్ని చేసినా జనం గుర్తుపెట్టుకున్నది నా పేరు కాదు, అక్క పేరే. ఇప్పటికీ మా వైపు నిక్కమైన పాలు చూపించి, "మంగాయమ్మ చూసినా తప్పుపట్టదు" అంటారు. అంతకన్నా పెద్ద బిరుదు పాలవ్యాపారంలో లేదు.

ఆమె పనిలో చేరిన రోజుల్లో ఇప్పటిలా మీట నొక్కితే అంకెలు చూపించే మిషను లేదు. సన్న మెడ ఉన్న గాజుగొట్టంలో ఆసిడ్ పోసి, దాని మీద పాలు పోసి, గిర్రున తిప్పితే వెన్న కరిగి పైకి తేలి మెడలో నిలబడేది. అది ఏ గీత దగ్గర ఆగిందో చూసి రేటు చెప్పాలి. ఆసిడ్ చుక్కలు పడి ఆమె ఎడమ చెయ్యి మీద చింతగింజలంత మచ్చలు ఇప్పటికీ ఉన్నాయి. వెన్న సంగతి గొట్టం చెబుతుంది గాని, నీళ్ల సంగతి తేల్చడానికి లాక్టోమీటరు కావాలి. అది గాజుబుడ్డి లాంటిది. పాలల్లో వదిలితే తేలుతుంది. చిక్కని పాలల్లో పైకి నిలబడుతుంది, నీళ్లు కలిసిన పాలల్లో కిందికి దిగిపోతుంది. అక్క దాన్ని చూడకముందే వాసన పట్టి, ఒక చుక్క నాలుక మీద వేసుకుని సగం తేల్చేసేది.

ఒకరోజు వెంకటకృష్ణయ్య బాబాయి క్యాను తెచ్చి దించాడు. అక్క చుక్క నాలుక మీద వేసుకుని ఆయన వంక చూసింది.

"ఏంటి బాబాయ్, ఇవాళ గేదెని కాలవలో నిలబెట్టి పితికావా?"

"వాన పడిందమ్మా. క్యానుకి మూత లేదు."

"వాన మీ దొడ్లోనే పడిందా? మా ఇంటి ముందు వడ్లు ఎండబోసి ఉన్నాయి."

అరుగు మీద వరసలో నిలబడ్డవాళ్లంతా నవ్వారు. బాబాయి కూడా నవ్వి క్యాను తిరిగి ఎత్తుకున్నాడు. ఆయన మీద ఆమె ఎవరికీ ఫిర్యాదు చేయలేదు. తెల్లారి మంచి పాలు తెస్తే మంచి రేటే వేసింది. ఆమె పద్ధతి అంతే. తప్పు పాలదే అనేది, మనిషిది కాదన్నట్టుగా.

అక్క పని నుంచి దిగిపోయాక, సంఘంలో పెద్దవాళ్లం కొందరం కలిసి కాశీ వెళ్లాం. కాశీ వెళ్లినవాళ్లు గంగలో మునిగి, ఒక కాయో పండో వదిలేసి రావాలన్నది మన ఆచారం. ఇష్టమైనదే వదలాలంటారు. కాని నిజంగా ఇష్టమైనది వదిలినవాణ్ని నేను పెద్దగా చూడలేదు. మాలో ఒకాయన కాకరకాయ వదిలాడు, ఆయనకు చిన్నప్పటి నుంచీ కాకర పడదు. నేను పొట్లకాయ వదిలాను. మా ఇంట్లో పొట్లపాదు వేసి ఎన్నేళ్లయిందో నాకే తెలియదు.

అక్క నీళ్లలో నిలబడి పురోహితుణ్ని అడిగింది. "పాలు వదలొచ్చా అండీ?"

ఆయన మన తెలుగాయనే. ఆశ్చర్యపోయాడు. "కాఫీ టీలు కూడా పోతాయి తల్లీ, ఆలోచించుకో."

"ఆలోచించుకునే అడిగానండి. ఊరి పాలన్నీ ఇన్నేళ్లూ నా నాలుక మీదుగానే పోయాయి. ఇంక చాలు, గంగకిచ్చేస్తాను."

అప్పటి నుంచి ఆమె పాలు ముట్టలేదు. పొద్దున్నే అల్లం, బెల్లం వేసి కాచిన నీళ్లు తాగుతుంది. పాయసం పెడితే పక్కకు జరుపుతుంది. బిస్కెట్టు ప్యాకెట్టు చేతికిస్తే, అట్ట మీద పాలచుక్క బొమ్మ ఉందేమోనని తిప్పి చూసి మరీ తీసుకుంటుంది. పెరుగూ మజ్జిగా మాత్రం మానలేదు. "అదేంటక్కా" అని నేనంటే, "తోడేశాక పాలు పోయి పెరుగు పుట్టింది. అది వేరే సరుకు" అంది. పాల గురించి ఆమె తీర్పు మీద అప్పీలు లేదు కాబట్టి ఊరుకున్నాను.

ఆమె గుండెకి ఇబ్బంది వచ్చింది ఆ తరవాతే. ఉన్నట్టుండి దడదడలాడేది, ఆగి ఆగి కొట్టుకునేది. తెనాలి తీసుకెళ్లాం. గుండె డాక్టరుగారు పరీక్షలన్నీ చేసి, చిన్న తెల్ల మాత్ర రాశారు. "ఇది మానకూడదమ్మా. మీరు మానితే నాకు ఎవరూ చెప్పక్కర్లేదు, మీ కాళ్లు చూస్తే తెలిసిపోతుంది" అన్నారు. ఆ మాత్ర మొదలుపెట్టాక దడ తగ్గింది. పొద్దున టిఫిన్ తినగానే వేసుకునేది. అలా ఏ గొడవా లేకుండా సాగిపోయింది, మా హాసిని ఇంటికొచ్చిన ఆ ఆదివారం దాకా.

హాసిని మా అక్కకి మనవరాలు, అక్క కూతురు జయలక్ష్మి బిడ్డ. మా ఊరి నుంచి ఫార్మసీలో పెద్ద చదువు చదువుతున్న మొదటి పిల్ల. బాపట్ల కాలేజీలో ఉంటుంది. మాత్రల్లో వేసే పొడుల మీదే ఆమె పరిశోధన. ఆ రోజు అందరం వసారాలో కూర్చున్నాం. జయలక్ష్మి దోసెలు పోస్తోంది. అక్క అరచేతిలో మాత్ర పెట్టుకుని నీళ్ల గ్లాసు అందుకోబోతుంటే హాసిని అడిగింది.

"అమ్మమ్మా, ఆ మాత్రలో మందెంతో చెప్పు చూద్దాం."

"మాత్రంతా మందేగా."

"కాదు. ఒక ఆవగింజని పది ముక్కలు చేస్తే అందులో ఒక ముక్కంత. అంతే మందు. అంత చిన్నది నువ్వు పట్టుకోలేవు, మింగలేవు, ఊదితే ఎగిరిపోతుంది. అందుకని వేరే పొడిలో కలిపి మాత్ర కొడతారు."

పదోవంతు ఆవగింజ మా అక్క గుండెని పట్టి నడిపిస్తోందా అనుకున్నాను. "మరి మిగతాదంతా ఏంటే, సున్నమా?" అని అడిగాను.

"అయ్యో, సున్నం కాదు తాతయ్యా. పాలచక్కెర. పాలు విరగ్గొడితే తేట వస్తుంది చూడు, మనం కుడితిలో పోసేస్తాం కదా, ఆ తేటలోంచే తీస్తారు. పాలకి ఉండే తీపి ఉందే, అదే. లాక్టోజు అంటారు. అమ్మమ్మ మాత్రలో వేసేది ఇంకా గొప్పది, అన్‌హైడ్రస్ అని, అంటే అసలు నీళ్లే లేనిది."

"నీళ్లు లేని పాలు మన ఊళ్లో ఎవరూ చూళ్లేదులే" అని నేను నవ్వాను.

అక్క నవ్వలేదు. "పాలల్లోంచా?" అంది.

కాశీ సంగతి అప్పుడు గుర్తొచ్చింది హాసినికి. అక్క అరచేతిలో మాత్రని కాసేపు చూసి, దోసె పళ్లెం అంచున పెట్టింది. గ్లాసులో నీళ్లు మాత్రం తాగింది.

ఆ రోజు నుంచి మాత్ర వేసుకోలేదు.

మొదట జయలక్ష్మి కూతురి మీద పడింది. "చదువు చెప్పించింది ఇందుకా? నోరు మూసుకుని దోసె తినొచ్చుగా." పిల్ల ఏడుపు మొహం పెట్టింది. తెనాలి డాక్టరుగారికి ఫోన్ చేశాం. ఆయన వేరే కంపెనీ మాత్రల్లో కూడా చాలావాటిలో ఇదే ఉంటుందని, చుక్కల మందు చిన్నపిల్లలకు వాడతారు గాని మన వైపు దొరకడం కష్టమని, మందు మార్చడం తేలిక కాదని చెప్పారు. "ఆవిడ్ని ఒప్పించండి, త్వరగా ఒప్పించండి" అన్నారు. ఆయన గొంతులో ఉన్న తొందర నాకు నచ్చలేదు.

గుడి పూజారిగారు వచ్చి, ఔషధానికి దోషం ఉండదని శాస్త్రం చెప్పారు. అక్క ఆయనకు కుర్చీ వేసి, మజ్జిగ ఇచ్చి చెప్పింది. "దోషం లేదని నాకూ తెలుసండి. నా గొడవ దోషం గురించి కాదు. గంగలో నిలబడి మాటిచ్చాను. మందయితే తప్ప అని అప్పుడు అనలేదు. ఇప్పుడెలా కలుపుతాను?"

నేను పెరుగు సంగతి ఎత్తాను. "పెరుగు పాలల్లోంచి వచ్చిందే కదా, అది తింటున్నావుగా."

"ఒరే తమ్ముడూ, పెరుగైతే పాలు మారిపోయి వచ్చింది. ఇది మారలేదంట. పాలల్లో ఉన్న తీపే, ఉన్నది ఉన్నట్టు తీశారంట. నీ మనవరాలే చెప్పింది."

నేను హాసినిని పక్కకు పిలిచి, "మారిపోయిందని చెప్పవే" అన్నాను.

"అబద్ధం చెప్పమంటావా తాతయ్యా? అమ్మమ్మ దగ్గర?"

ఆ పిల్ల అన్నది నిజమే. అక్క దగ్గర అబద్ధం ఆడి నెగ్గినవాళ్లు మా ఊళ్లో లేరు.

వారం తిరక్కుండానే అక్క పాదాలు పొంగాయి. వేలితో నొక్కితే గుంట పడి అలాగే ఉండిపోయేది. పడుకుంటే ఆయాసం. గోడకు చేరబడి కూర్చునే నిద్రపోయేది. అయినా మొహంలో భయం లేదు. భయం మాకే. మా బావ పోయినప్పుడు కూడా జయలక్ష్మి అంత ఏడవలేదు. ఇది ఇలాగే సాగితే ఏమవుతుందో మాకందరికీ తెలుసు, నోటితో అనడానికే ధైర్యం లేదు.

హాసిని కాలేజీ నుంచి మళ్లీ వచ్చి అక్క మంచం దగ్గర కింద కూర్చుంది.

"అమ్మమ్మా, నువ్వు ఎప్పుడైనా చూడకుండా పాలని ఒప్పుకున్నావా?"

"లేదు."

"చూడకుండా తప్పుపట్టావా?"

"లేదు."

"మరి ఆ పొడిని చూడకుండానే పాలంటున్నావు. వచ్చి చూడు. చూశాక నువ్వేమంటే అదే. ఇంక నేను అడగను."

అక్కకి ఆ మాట తగిలింది. పని తెలిసిన మనిషికి పని పద్ధతి గుర్తుచేస్తే కాదనలేదు. కారు మాట్లాడుకుని, చెరుకుపల్లి మీదుగా బాపట్ల వెళ్లాం. కాలేజీలో ప్రయోగశాల పై అంతస్తులో ఉంది. అక్క మెట్లెక్కలేకపోతే, ఇద్దరు ఆడపిల్లలు ఆమెను కుర్చీలో కూర్చోబెట్టి ఎత్తుకెళ్లారు. "నన్ను ఊరేగిస్తున్నారేంటే, నేనేం పెళ్లికూతుర్నా" అంది ఆయాసపడుతూనే.

హాసినికి చదువు చెప్పే సీతారామాంజనేయులుగారు మమ్మల్ని ఎంతో మర్యాదగా చూశారు. తలలకు తెల్ల టోపీలు పెట్టించి, కాళ్లకు గుడ్డ తొడుగులు వేయించి లోపలికి తీసుకెళ్లారు. నేను ఎన్నో ఫ్యాక్టరీలు చూశాను. జంపని చక్కెర ఫ్యాక్టరీ మంచి ఊపులో ఉన్న రోజుల్లో చూసినవాణ్ని. కాని అంత శుభ్రం ఎక్కడా చూడలేదు. గాలి కూడా కడిగి వదిలినట్టుంది.

డబ్బా మూత తీసి పొడి చూపించారు. తెల్లగా, పొడిపొడిగా, వేళ్ల సందుల్లోంచి జారిపోయేలా ఉంది. అక్క చేతిలోకి తీసుకుని, రెండు వేళ్ల మధ్య నలిపి, ముక్కు దగ్గర పెట్టుకుంది. నాలుక మీద వేసుకోలేదు, వేసుకోకూడదు కదా.

"వాసన లేదు" అంది. "పాలల్లోంచి వచ్చినదానికి వాసన లేకపోవడమేంటి?"

సార్ చెప్పారు. తేటలో ఉన్న మిగతావన్నీ తీసేసి, తీపిని ఒక్కదాన్నే వేరు చేస్తారట. మామూలుగా ఈ చక్కెర గడ్డకట్టేటప్పుడు ఒక్కో రవ్వ తనలో ఇంత నీటిని దాచుకుంటుందట. చేతికి తడి తగలదు, కంటికి కనపడదు, కాని లోపల ఉంటుంది. ఆ దాచుకున్న నీరు కూడా ఉండకూడదంటే, చక్కెర పాకాన్ని నీళ్లు మరిగేంత వేడి మీద ఎండబెట్టాలి. "మీ దోసె పెనం పీపాలా గుండ్రంగా చుట్టుకుని, తిరుగుతూ ఉందనుకోండమ్మా. దాని మీద పాకం పలచగా పడగానే ఎండిపోతుంది. అటుపక్క చాకు గీకుతుంటే పొరలు రాలతాయి. ఆ పొరల్ని పొడి చేస్తే ఇదీ" అన్నారు.

"నీళ్లు లేకపోతే ఏమొచ్చిందండి లాభం?" అన్నాను.

"నీటి చెమ్మ తగిలితే చెడిపోయే మందులుంటాయండి. వాటికి ఇది నమ్మకమైన తోడు. పైగా తడి చేసి ముద్ద కట్టక్కర్లేదు, పొడిని పొడిగానే నొక్కితే మాత్రయి నిలబడుతుంది." ఉబ్బసం ఉన్నవాళ్లు పీల్చే పొడిమందు కూడా ఇలాంటి పాలచక్కెర రేణువుల మీద ఎక్కే ఊపిరితిత్తుల్లోకి వెళుతుందట. చాక్లెట్లలో, చంటిపిల్లల డబ్బా ఆహారంలో కూడా పాలచక్కెర వేస్తారట. మా గేదెల కుడితిలో పోసిన తేట గుర్తొచ్చింది నాకు. ఎన్ని గాబులు పోసి ఉంటాం ఈ బతుకులో.

మందు కలపడం గురించి హాసిని చెప్పింది. "తాతయ్యా, కృష్ణ కాలవలో చిటికెడు పసుపు కలిపామనుకో. ఇక్కడి నుంచి రేపల్లె దాకా ఎక్కడ చెంబు ముంచినా అంతే పసుపు రావాలి. ఎక్కువొస్తే మనిషి పోతాడు, తక్కువొస్తే మందు పనిచెయ్యదు. మందుని అలా సమంగా మోసేది ఈ పొడే."

తరవాత చేత్తో తిప్పే చిన్న యంత్రం చూపించారు. ఆ చక్రం నేనే తిప్పాను. పొడి గుంటలో పడింది, పై నుంచి ఇనుప వేలు దిగి నొక్కింది, కింద నుంచి ఇంకో వేలు పైకి తోసింది. గుండ్రని మాత్ర, తళతళలాడుతూ, తట్టలో పడింది. నేను వరి పండించాను, అరటి పండించాను, లంక పొలంలో దోసపాదులు పెట్టాను. కాని నా చేత్తో మందుమాత్ర రాలుతుందని ఎప్పుడూ అనుకోలేదు.

అక్క అదంతా చూసి, చివరికి ఒక్కటే అడిగింది. "అయ్యా, దీంట్లో నీళ్లు పోస్తే మళ్లీ పాలవుతాయా?"

"కావండి" అన్నారు సార్.

"మీరు చూశారా?"

"చూడాల్సిన అవసరం ఎప్పుడూ రాలేదండి."

"నాకొచ్చింది. కాస్త పొట్లం కట్టిస్తారా?"

ఆయన నవ్వి, మందు కలపని పొడి ఒక సీసాలో పోసి ఇచ్చారు.

సాయంత్రానికి మా ఊరి పాలకేంద్రానికి చేరాం. అక్క తరవాత అక్కడ టెస్టరు లిడియా. అక్క దగ్గరే పని నేర్చుకుంది. అక్కకి కుర్చీ వేసి, సంగతంతా విని, "టెస్టు మీరే చెయ్యండి మేడం, నేను అందిస్తా" అంది.

గోరువెచ్చని నీళ్లలో పొడి వేసి కలిపారు. మెల్లగా కరిగింది. కరిగాక గ్లాసులో ఏమీ లేనట్టే ఉంది. అటుపక్క నిలబడ్డ లిడియా వేళ్లు ఇటుపక్క నుంచి కనపడ్డాయి. మిషనులో పెడితే వెన్న సున్నా చూపించింది. కాస్త గిన్నెలో పోసి పొయ్యి మీద పెడితే మరిగింది గాని పొంగలేదు, చల్లారాక పైన పొర కట్టలేదు. నిమ్మకాయ పిండితే విరగలేదు. ఒక్కొక్కటీ చూస్తుంటే నా ప్రాణం లేచొస్తోంది.

"లాక్టోమీటరు వెయ్యి" అంది అక్క.

లిడియా వేసింది. బుడ్డి కిందికి దిగి, నీళ్లు కలిసిన పాలల్లో ఎక్కడ ఆగుతుందో అక్కడ ఆగింది. "ఇంకాస్త పొడి వెయ్యి" అంది అక్క. వేసి కలిపారు. బుడ్డి మెల్లగా లేచి, చిక్కని పాల గీత దగ్గరకు వచ్చి నిలబడింది.

హాసిని నా చెయ్యి పట్టుకుంది. లాక్టోమీటరు పాలంటే పాలే, ఆ కేంద్రంలో ఇన్నేళ్లూ అదే చట్టం.

అక్క మా మొహాలు చూసి నవ్వింది. "ఏంటిరా, చచ్చిపోయినట్టు నిలబడ్డారు? నీళ్లలో పంచదార కలిపినా ఇది ఇలాగే లేస్తుంది. ఆ మోసం నా దగ్గరే ఎంతమంది చేశారని. బరువు చూపిస్తుంది గాని పాలని చూపించదు ఇది."

"మరి పాలని ఏది చూపిస్తుంది మేడం?" అంది లిడియా.

"తోడు. ఇందులో తోడు వెయ్యి. తెల్లారి చూద్దాం."

లిడియాది పాదరసం లాంటి బుర్ర. "మేడం, పక్కన ఇంకో గిన్నెలో మామూలు పాలపొడి కలిపి దానికీ తోడేస్తాను. రెండూ పక్కపక్కన ఉంటే అనుమానం ఉండదు" అంది. పాలకేంద్రాలకిచ్చే జిల్లా బహుమతి వరసగా మూడో ఏడు కూడా మాకే వచ్చిందంటే ఇందుకే.

తెల్లవారి పాలు వచ్చే వేళకి ముందే అందరం అరుగు మీద ఉన్నాం. అక్క చెయ్యి పట్టుకుని నడిపించుకొచ్చాం. లిడియా రెండు గిన్నెల మీదా మూతలు తీసింది. పాలపొడి గిన్నెలో పెరుగు తోడుకుని, గిన్నె వంచినా కదలకుండా ఉంది. రెండో గిన్నెలో, వేసిన తోడు తునకలు తునకలుగా అడుగున పడి ఉంది. పైన తేట నీళ్లు. అక్క గిన్నె ఎత్తి, ఇటూ అటూ వంచి చూసింది. వేలు ముంచి, రెండు వేళ్ల మధ్య రాసి చూసింది. పాల జిడ్డు కోసం ఆమె వేళ్లు వెతకడం నేను ఎన్నోసార్లు చూశాను. అన్నేళ్ల అలవాటు ఆ వేళ్లలో ఉంది.

"పాలపొడిలో కూడా నీళ్లు లేవు" అంది మెల్లగా, తనలో తను అన్నట్టు. "కాని నీళ్లు పోయగానే అది పాలై లేచింది, తోడు వేస్తే ఒడిసిపట్టుకుంది. అది ఎక్కడికీ పోలేదు, పాలల్లోనే ఉంది. ఇది నీళ్లు పోసినా లేవలేదు. తోడు వేస్తే పట్టుకోలేదు."

గిన్నె కింద పెట్టింది.

"ఇన్నాళ్లూ పాలల్లోకి నీళ్లు రాకుండా కాపలా కాశాను. పాలల్లో నీళ్లు దేవుడు పోసినవే ఎక్కువని మర్చిపోయాను. ఆ నీళ్లూ పోయి, వెన్నా పోయి, విరుగూ పోయి, మంట మీద రాలిందిది. నేను కాశీలో పాలు వదిలేశాను, ఇది ఆ వేడి పీపా మీద పాలని వదిలేసింది." హాసిని వైపు తిరిగింది. "పాలు కాదే ఇది. నేను తప్పుపట్టలేను."

హాసిని కళ్లు తుడుచుకుంది. జయలక్ష్మి అప్పటికే ఫోనులో ఉంది, ఆపేసిన మాత్ర మళ్లీ ఎలా మొదలుపెట్టాలో తెనాలి డాక్టరుగారిని అడుగుతోంది. ఆయన చెప్పినట్టే ఒక మాత్ర తీసి ఇచ్చింది, పదిగంటలకల్లా కారెక్కి ఆయన దగ్గరికి వెళ్లాలని కూడా చెప్పింది.

అక్క మాత్రని నాలుక మీద వేసుకుంది. వెంటనే మింగలేదు. ఎన్నో ఏళ్లు శాంపిలు రుచి చూసినట్టే, నోరు మూసుకుని, కళ్లు సగం మూసి, దాన్ని కరగనిచ్చింది. మేమందరం ఆమె మొహమే చూస్తున్నాం.

"చేదుగా ఉందే" అంది.

"మందు చేదే అమ్మమ్మా" అంది హాసిని.

"ఆవగింజలో పదోవంతన్నావు. మిగతాదంతా తీపే అన్నావు."

"అవును."

"అంత తీపినీ అంత చిన్నది గెలిచేసిందా." అక్క నీళ్లు తాగి, గ్లాసు అరుగు మీద పెట్టింది. ఆమె అంతగా ఆశ్చర్యపోవడం నేను చూసింది అదే మొదలు. తరవాత వీధి మలుపులో సైకిలు మీద క్యాన్లు గణగణమని వినపడ్డాయి.

"లిడియా, ఆ లాక్టోమీటరు కడుగు. పాలొస్తున్నాయి" అంది.